మా ఇంటి ఐదున్నర

నాకు ముక్కు మీద కోపం. మా అశోక్‌నగర్ సందులో ఎవర్నడిగినా ఈ మాట చెబుతారు, నేనూ కాదనను. కూరగాయల బండి మైకు పెద్దగా మోగితే గేటు దాకా వెళ్ళి పోట్లాడతాను. పక్క హాస్టల్లో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే ఆడపిల్లలు ఒకసారి వచ్చి, "ఆంటీ, పొద్దుపొద్దున్నే మీరు పాడ్తుంటె జర డిస్టర్బ్ అయితుంది" అన్నారు. "నేను మీరు పుట్టకముందు నుంచి పాడ్తున్న. మీరే గది మార్చుకోండ్రి" అని పంపించేశాను. వాళ్ళు గది మార్చలేదు. కొన్నాళ్ళకు నా పాట మొదలైతే లేవడం అలవాటు చేసుకుని అలారం పెట్టుకోవడం మానేశారట.

ఇంత కోపం ఉన్న మనిషికి ఒక గర్వం కూడా ఉంటుంది. నా గర్వం పేరు ఐదున్నర.

సంగీతం తెలియని వాళ్ళకు కాస్త చెప్పాలి. పాడేవాళ్ళు తమ గొంతుకు సరిపోయే ఒక ఆధార స్వరం పెట్టుకుని, పాటంతా దాని మీద నిలబెడతారు. అదే శ్రుతి. దానికి అంకెలుంటాయి. అంకె పెద్దదైతే గొంతు అంత పైకి వెళ్ళాలి. ఆడవాళ్ళు మామూలుగా ఐదులోనో ఐదున్నరలోనో పాడతారు. వయసు మీద పడేకొద్దీ గొంతు బరువెక్కి కిందికి దిగుతుంది, అంకె తగ్గించుకుంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ నాకు చిన్నప్పుడు పాట నేర్పిన పెద్దావిడ నా గడ్డం పట్టుకుని, "ఈ పిల్లది ఐదున్నర గొంతు, ఎప్పుడూ దించకు" అన్నారు. దించలేదు. నాతోపాటు నేర్చుకున్నవాళ్ళు ఒక్కొక్కరే ఐదుకు, నాలుగున్నరకు, నాలుగుకు దిగిపోతుంటే సభలో ముందు వరుసలో కూర్చుని, "పాపం, దిగిపోయింది" అనేదాన్ని. పక్కావిడకు మాత్రమే వినపడాలన్న జాగ్రత్త కూడా పడేదాన్ని కాదు.

అలా అన్నప్పుడల్లా నా రెండో పక్కన మా ఆయన కూర్చుని ఉండేవారు. ఆయన ఉద్యోగం బ్యాంకులో, ప్రాణం వయొలిన్లో. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి ఇప్పటిదాకా నా పాటకు పక్కన ఆయన వయొలినే. మాట తక్కువ. ఇంట్లో మిక్సీ ఆగినా, ఫ్యాను రెగ్యులేటరు వేడెక్కినా, చొక్కా జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి కింద చాప మీద కూర్చుంటారు. శ్రుతిపెట్టె బాధ్యత కూడా ఆయనదే. అది తంబూరా లాగా ఆగకుండా మోగే కరెంటు పెట్టె. దాని ముందు ఒక గుండ్రటి మీట, మీట చుట్టూ అంకెలు. మీట మీది తెల్ల గీత ఏ అంకె దగ్గరుంటే అది శ్రుతి. కచేరీలో ఆ పెట్టె ఆయన మోకాలి పక్కనే ఉంటుంది. పాట మొదలయ్యే ముందు ఆయన నా వైపు తిరిగి, "ఎంత?" అని అడుగుతారు. తెలియక కాదు. పాడే మనిషిని పక్క వాయిద్యం వాళ్ళు అడగడం ఒక మర్యాద. నేను ముందు వరుసకు వినపడేలా, "ఐదున్నర" అంటాను. ఆయన తల ఊపి, మీట సరిచూసి, దానికి వయొలిన్ తంత్రులు బిగించుకుంటారు. మా కచేరీలన్నీ ఇలాగే మొదలయ్యాయి.

ఈ వేసవిలో ఆయన కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా కూడా లేవడం లేదు. హిమాయత్‌నగర్‌లో ఫిజియోథెరపీకి తిరుగుతున్నారు. కొన్ని నెలలు వయొలిన్ ముట్టుకోవద్దన్నారు డాక్టరు. ఇటు చూస్తే నా దగ్గర నేర్చుకునే పిల్లల వార్షికోత్సవం దగ్గర పడింది. ఏటా చిక్కడపల్లిలో ఒక చిన్న హాలు తీసుకుంటాం. పిల్లలందరూ పాడాక చివర నేను పాడాలి. అది నా పండగ.

"ఈ యేడు వద్దు. నా భుజం నయమైనంక పెట్టుకుందాం" అన్నారు ఆయన.

"పిల్లలు ఊకుంటరా? వేరే వయొలిన్ ఆయన్ని పిలుస్త."

"వేరేటోళ్ళు వద్దు" అన్నారు. గట్టిగా అన్నారు. మా ఆయన నోట గట్టి మాట రావడమే అరుదు. నా పక్కన ఇంకొకరు కూర్చోవడం ఈ వయసులో కూడా ఆయనకు ఇష్టం లేదనుకుని లోలోపల మురిసిపోయాను. ఎంత పిచ్చిదాన్నో చూడండి.

ఆ వారంలోనే నా పాత శిష్యురాలు ఒకామె ఆయన్ని పలకరించడానికి పండ్లు పట్టుకుని వచ్చింది. నా దగ్గర చిన్నప్పుడు నేర్చుకుంది, ఇప్పుడు నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర్లో రెండో అంతస్తులో ఒక రికార్డింగ్ గది నడుపుతోంది. పెళ్ళి వీడియోలకు పాటలు, షాపుల ప్రకటనలు, భక్తి పాటలు, ఏదొస్తే అది చేస్తుంది. నా బాధంతా విని, వెళ్ళబోతూ గేటు దగ్గర ఆగింది.

"టీచర్, సార్ భుజం పనిచేయకున్నా గొంతు పనిచేస్తది గద."

"ఆయన గొంతా? ఆయన స్నానాల గదిల కూడా పాడరు."

"గొంతు మంచిగుండాల్సిన పనిలేదు. స్వరం సరిగ్గ ఉంటె చాలు. సార్ మైకుల పాడితె వయొలిన్ వస్తది."

నాతో పరాచికాలాడుతోందనుకున్నాను. తమాషా కాదని, తెచ్చి చూపిస్తానని అంది. ఆయనకు ముందే చెప్పొద్దన్నాను. నాకు నచ్చితేనే ఆయన ముందు పెట్టి ఆశ్చర్యపరుద్దామని నా ఆలోచన. ఆయన ఫిజియోథెరపీకి వెళ్ళే పూట చూసి రమ్మన్నాను.

వచ్చింది. మా హాల్లో దివాన్ మీద లాప్‌టాప్, చిన్న మైకు, రెండు స్పీకర్లు పరిచింది. "మిడి అంటరు టీచర్ దీన్ని" అని మొదలుపెట్టింది. "మీ గొంతును ఇది దాచుకోదు. మీరు ఏ స్వరం పట్టిన్రు, ఎంత గట్టిగ పట్టిన్రు, ఎప్పుడు వదిలిన్రు, గంతే చూస్తది. చూసింది పోయి లోపలున్న వయొలిన్‌కు చెప్తది. అది పలుకుతది."

"లోపల వయొలిన్ ఎక్కడిది?"

"ఎవరో వాయించిన ఒక్కొక్క స్వరం అండ్ల పెట్టిపెట్టిన్రు."

నమ్మకం లేకుండానే మైకు ముందు కూర్చుని 'స' అన్నాను. స్పీకర్లోంచి వయొలిన్ పలికింది.  నోరు మూశాను, వయొలిన్ ఆగింది. మళ్ళీ తెరిచాను, మళ్ళీ వచ్చింది. గొంతు పెంచితే పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. నా నోట్లోంచి ఇంకెవరి వాయిద్యమో వస్తుంటే మొదట భయమేసింది. నిజం చెబుతున్నాను, భయమే. చెయ్యి తెలియకుండానే గొంతు మీదికి వెళ్ళింది. అంతలో సందులో కూరగాయల బండి వచ్చింది. "టమాటా, వంకాయ, బెండకాయ" అని దాని మైకు అరుస్తుంటే లోపల వయొలిన్ టమాటాను, వంకాయను వాయించడం మొదలుపెట్టింది. ఇద్దరం పడీపడీ నవ్వాం. లేచి కిటికీలు వేశాను.

స్వరాన్ని ఊపి జార్చే గమకం పాడితే మాత్రం డబ్బా మెట్ల మీద దొర్లినట్టు స్వరాలు విడివిడిగా పడ్డాయి. "ఇది కీబోర్డు తెలివి, జారుడు దీనికి చెప్పాలె" అంటూ ఆమె ఏవో సర్దింది. తర్వాత పాడితే గమకం జారింది. అచ్చం మా ఆయన వేలు జారినట్టే. 

"ఇగ మీ శ్రుతి పెడ్త టీచర్. అప్పుడు తెర మీద స రి గ అని కనపడ్తది. ఎంత పెట్టాలె?"

"నన్ను అడుగుతున్నవా? ఐదున్నర."

ఆమె పెట్టింది. నేను మా శ్రుతిపెట్టె వేసుకుని, కళ్ళు మూసుకుని, నిండుగా షడ్జం, అంటే స, పట్టాను. కళ్ళు తెరిచేసరికి ఆమె తెర వైపు అదోలా చూస్తోంది.

"జర మళ్ళ పాడున్రి టీచర్."

పాడాను. తెర మీద 'స' రాలేదు. 'ని' అని వచ్చింది. షడ్జానికి కింద ఉండే నిషాదం. నేను స పాడుతుంటే అది ని అంటోంది.

"నీ డబ్బా చెడిపోయింది" అన్నాను.

ఆమె లాప్‌టాప్‌లో ఐదున్నర స్వరం మోగించింది. అది మా శ్రుతిపెట్టె నాదానికి పైన, చాలా పైన మోగింది. రెండూ కలవక గదంతా రంపం పెట్టినట్టయింది. ఫోను తీసి అందులో తంబూరా వేసింది. అదీ లాప్‌టాప్ మాటే చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్లు, కంప్యూటర్లు కలిసి నాకు శ్రుతి నేర్పుతాయా అని అరిచాను. నా క్లాసులో ఫోను శ్రుతి పెట్టనివ్వను, నా కచేరీలో కీబోర్డును వేదిక ఎక్కనివ్వను. బయట పోటీలకు వెళ్ళొచ్చిన పిల్లలు "అక్కడ శ్రుతి ఎక్కువైంది టీచర్" అంటే, అక్కడి పెట్టె చెడిపోయి ఉంటుందని చెప్పి పంపేదాన్ని. అవన్నీ చెడినవే, మా ఇంట్లోది ఒక్కటే మంచిది.

"టీచర్, కోపం చేయకున్రి. మీరు పాడేది నాలుగున్నర" అంది ఆమె మెల్లగా.

శ్రుతిపెట్టె లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాను. తెల్ల గీత ఐదున్నర మీదే ఉంది. చూడు, చూడు అని ఆమె ముందు పెట్టాను. ఆమె మీట పట్టుకుని కింది కొసకు తిప్పింది. గీత మొదటి అంకెను చేరకుండానే మీట ఆగిపోయింది. పై కొసకు తిప్పింది. గీత చివరి అంకె దాటి, ఏ అంకే లేని ఖాళీలోకి పోయింది. మీట పక్కన దాన్ని బిగించే సన్నటి స్క్రూ ఉంది. దాని తల అరిగి మెరుస్తోంది. ఎన్నోసార్లు విప్పి బిగిస్తే తప్ప అలా మెరవదు. ఆ కొలత స్క్రూడ్రైవరు మా ఇంట్లో ఎవరి జేబులో ఉంటుందో నాకు తెలుసు.

 అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. బర్కత్‌పురలో ఉండే మా మృదంగం అతనికి ఫోన్ చేశాను. మా కచేరీలన్నిటికీ అతనే. నన్ను అక్క, మా ఆయన్ని అన్న అంటాడు, తమ్ముడి వరస. మృదంగం కూడా పాడే మనిషి శ్రుతికే కలపాలి, ఒక్కో శ్రుతికి ఒక్కో మృదంగం ఉంటుంది.

"తమ్ముడూ, ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. నా శ్రుతి ఎంత?"



"అక్కా, అన్న ఇంట్ల లేడా?" అన్నాడు.

అంతే. నాకు ఇక ఏ తెరా, ఏ సాక్ష్యమూ అవసరం లేకపోయింది. మిగతాది అతనే నసుగుతూ చెప్పాడు. "మీ కచేరీకి ఐదున్నర మృదంగం తెచ్చి చానా ఏండ్లైంది అక్కా. అన్న ముందుగాల్నే ఫోన్ చేస్తడు, గీసారి ఇంత అని. ఎవరైన కొత్తోళ్ళు ఘటమో, మోర్సింగో వాయించనీకి వస్తె వాళ్ళకు కూడా చెప్తడు. ఆమె ముందల అనొద్దని చెప్తడు. మీరు పరేషాన్ కావద్దు."

ఊళ్ళో పక్క వాయిద్యాల వాళ్ళందరికీ తెలుసు. నేను "ఐదున్నర" అని ముందు వరుస దాకా చాటుతుంటే వేదిక మీద ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. "పాపం, దిగిపోయింది" అని నేను ఇంకొకర్ని అంటుంటే నా పక్క కుర్చీలో మనిషికి తెలుసు. 'వేరేటోళ్ళు వద్దు' అని ఆయన గట్టిగా అన్నది ఎందుకో కూడా అప్పుడు తెలిసింది. వైర్లు చుట్టుకుంటున్న నా శిష్యురాలు తనలో తాను అనుకున్నట్టు, "పోటీలల్ల ఐదున్నర అని చెప్తె నా గొంతు ఎందుకు చీలిపోయేదో ఇప్పుడు సమజైంది టీచర్" అంది. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ కోపంగా ఏదైనా అనేదాన్ని.

ఆమె వెళ్ళిన కాసేపటికి మా ఆయన ఆటో దిగారు. చేతిలో నాకిష్టమైన ఉస్మానియా బిస్కట్ల పొట్లం. హాల్లోకి రాగానే దివాన్ మీద శ్రుతిపెట్టె, దాని పక్కన విడిగా పడున్న మీట చూశారు. స్క్రూ నేనే విప్పేశాను. పొట్లం బల్ల మీద పెట్టి, కుర్చీలో మెల్లగా కూర్చున్నారు.

"ఎప్పటిసంది?" అన్నాను.

ఆయన తొందరపడలేదు. "నీకు జ్వరమొచ్చి తగ్గిన యేడు. చిక్కడపల్లిల పాడుతుంటె పై షడ్జం కాడ గొంతు చీలింది. యాదికుందా?"

గుర్తుంది. ఎందుకు లేదు.

"ఇంటికొచ్చి శ్రుతిపెట్టె గోడ దిక్కు తిప్పి పెట్టినవ్. ఐదున్నర లేకుంటె ఇగ పాడనన్నవ్. అన్నం తినలే. ఆ వారమంత నువ్వు ఎట్లున్నవో నేను చూసిన. ఇంట్ల గిన్నె సప్పుడు కూడా లేదు. నాకు భయమైంది. మీట విప్పి జరంత తిప్పి బిగించిన. తెల్లారి నాకోసం ఒక్కసారి పాడమన్న. పాడినవ్. పై షడ్జం నిలబడ్డది. గొంతు తిరిగొచ్చిందని పాయసం చేసినవ్."

ఆ పాయసం కూడా నాకు గుర్తుంది. సందులో అందరికీ పంచాను.

"ఆ తర్వాత?"

"ఎప్పుడు నీకు కష్టమైతున్నట్టు వినపడితె అప్పుడు ఇంకింత."

"నాకు చెప్పాలె గద."

"చెప్తె పాడేదానివా?"

 నిజం వింటే నాకు కోపం రెట్టింపవుతుంది. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశారన్నాను. ఎవరూ నవ్వలేదని, నవ్వనివ్వలేదని అన్నారు. ఇక జన్మలో పాడనన్నాను. వార్షికోత్సవంలో పిల్లలు పాడతారు, నేను హారతి పళ్ళెం పట్టుకుని కూర్చుంటానన్నాను. ఆయన బిస్కట్ల పొట్లం విప్పి నా వైపు జరిపారు. నేను ముట్టుకోలేదు.

అన్నట్టే సాధకం మానేశాను. పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తెలియక కుక్కరు తోమిందే తోమాను. గొంతు తగ్గినందుకు కాదు నా ఏడుపు. వయసొస్తే తగ్గుతుంది, ఆ మాట పది మందికి చెప్పినదాన్ని. ఇన్నేళ్ళు నేను నేననుకున్న మనిషి లేకపోవడం ఏమిటి? ఏ కచేరీ నాది, ఏది ఆయన స్క్రూడ్రైవరుది? పాత చప్పట్లన్నీ తలుచుకుని, ఇది దిగిన తర్వాతదా, ముందుదా అని లెక్కలేసుకుంటూ పిచ్చిపట్టినట్టు తిరిగాను. పాలప్యాకెట్ కోసం గేటు దగ్గరికి వెళితే హాస్టల్ పిల్లల్లో ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చి, "ఏంది ఆంటీ, పాడ్తలేరు? మేం రోజూ లేటుగ లేస్తున్నం. లైబ్రరీల సీటు దొరుకుతలేదు" అంది. గొంతు బాలేదని చెప్పి లోపలికి వచ్చేశాను.

ఆయన మాత్రం రోజూ ఫిజియోథెరపీకని వెళుతున్నారు, వెళ్ళి చాలా ఆలస్యంగా వస్తున్నారు. నేను అడగలేదు. మాట్లాడితే కదా అడగడానికి. ఒక సాయంత్రం శిష్యురాలు ఫోన్ చేసింది. "టీచర్, మైకు సంగతి నేనే సార్‌కు చెప్పిన. రోజూ ఈడికే వస్తున్నరు. మీరు ఒక్కపారి వచ్చి వినున్రి. లోపలికి రావొద్దు, బయట నిలబడి వినున్రి చాలు."

వెళ్ళకూడదనుకుంటూనే చీర మార్చుకున్నాను. నారాయణగూడలో ఆటో దిగి, మోకాళ్ళను తిట్టుకుంటూ రెండంతస్తులు ఎక్కాను. శిష్యురాలు నోటి మీద వేలు పెట్టి, అద్దం ఇవతల కుర్చీ చూపించింది. అద్దం అవతల మా ఆయన ఒక్కరే, మైకు ముందు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నోరు కదులుతోంది. గొంతు వినపడటం లేదు. స్పీకర్లోంచి వయొలిన్ వస్తోంది.

 అది లాప్‌టాప్ వయొలిన్ కాదు. గాంధారం దగ్గర కాస్త తటపటాయించి పైకి ఎక్కడం, పాదం ముగిసే చోట కొద్దిగా ముందే తప్పుకోవడం, ఇవన్నీ ఇంత కాలం నా ఎడమ చెవి దగ్గర విన్నవే. చెయ్యి లేదు, కమాను లేదు, వయొలిన్ లేదు. ఆయన వాయింపు మాత్రం ఉంది. ఎవరో వాయించి పెట్టిన స్వరాలు ఈ మనిషి గొంతు తగలగానే ఈయనవి అయిపోయాయి.

ఇంకొకటి ఆలస్యంగా గమనించాను. ఆయన మధ్యమధ్యలో ఆగుతున్నారు. ఒక పాదం పొడుగునా ఊరుకుని, తల మెల్లగా ఊపి, అప్పుడు అందుకుంటున్నారు. తడబడుతున్నారేమో అనుకున్నాను. మూడో చోట ఆగినప్పుడు అర్థమైంది. అవి నేను పాడే చోట్లు. నేను లేకుండా, నా పక్కన వాయిస్తున్నారు.

"ఏ శ్రుతి పెట్టాలె సార్ అని అడిగిన టీచర్" అంది శిష్యురాలు గుసగుసగా. "ఆమె ఎంత చెప్తె అంత అన్నరు."

అక్కడే, ఆ కుర్చీలోనే ఏడ్చాను. తర్వాత అద్దం తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. ఆయన కళ్ళు తెరిచి చూశారు, భయపడ్డట్టున్నారు.

"ఇంటికి నడువున్రి" అన్నాను. "మీట సరిగ్గ బిగించాలె. ఈసారి నా ముందల కూసుని బిగించున్రి."

వార్షికోత్సవం రోజు చిక్కడపల్లి హాలు నిండింది. పిల్లలు పాడారు, తల్లిదండ్రులు ఫోన్లలో తీసుకున్నారు. హాస్టల్ పిల్లలు పుస్తకాలతో సహా వచ్చి వెనక కూర్చున్నారు. ముందు వరుసలో నాతోపాటు నేర్చుకున్న ఆవిడ ఉంది. చాలా ఏళ్ళ కిందటే నాలుగున్నరకు దిగినావిడ, నేను "పాపం" అన్న ఆవిడ. మృదంగం తమ్ముడు రెండు మృదంగాలు మోసుకొచ్చి, ఏది తియ్యాలో తెలియక రెండింటినీ సంచుల్లోనే ఉంచి నా మొహం చూస్తున్నాడు. మా ఆయన నా ఎడమ పక్కన కూర్చున్నారు. ఒళ్ళో వయొలిన్ లేదు, ముందు మైకు. పక్కన శ్రుతిపెట్టె. శిష్యురాలు లాప్‌టాప్ దగ్గర.

ఆయన నా వైపు తిరిగి, అలవాటు ప్రకారం, "ఎంత?" అన్నారు. మైకు అప్పటికే ఆన్ చేసి ఉంది. ఆ మాట వయొలిన్‌లా మోగింది. రెండు స్వరాలు, రెండోది పైకి లేచింది. హాలంతా ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది. ఆయన నవ్వలేదు. నా జవాబు కోసం చూస్తున్నారు.

"నాలుగున్నర" అన్నాను. ముందు వరుస దాకా వినపడేలాగే అన్నాను.

మృదంగం తమ్ముడు తల వంచుకుని సంచి విప్పాడు. మా ఆయన మీట నాలుగున్నరకు తిప్పారు. ఇప్పుడు గీత ఎక్కడ ఉందో శ్రుతి అక్కడే ఉంది. ఇక ఆయన షడ్జం ఇవ్వాలి, నేను అందుకోవాలి. ఆయన నోరు తెరిచారు. వయొలిన్ రాలేదు. మళ్ళీ తెరిచారు. వచ్చింది, కానీ వణుకుతూ వచ్చింది. ఇన్నేళ్ళలో ఆయన వయొలిన్ వణకడం నేను ఒక్కసారి కూడా వినలేదు. నా గొంతు చీలిన నాడూ వణకలేదు, ఆయన మొదటిసారి మీట తిప్పిన మర్నాడూ వణకలేదు. ఆ చెయ్యి ఏదీ బయటపెట్టేది కాదు. గొంతుకు ఆ విద్య తెలియదు. వెనక ఎవరో పెద్దాయన అది గమకం అనుకుని "భేష్" అన్నారు.

నేను ఆయన వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ షడ్జం నిలబడే దాకా పాట ఎత్తుకోలేదు.